ఇసబెల్ కార్డు ఎక్కడ పెట్టాలి? మార్షల్ వంశవృక్షం గీసే పద్ధతి

లండన్‌లో టెంపుల్ చర్చి అని ఒకటుంది. లోపల గుండ్రటి హాలు, నేల మీద కవచాలు తొడుక్కున్న వీరుల రాతి బొమ్మలు వెల్లకిలా పడుకుని ఉంటాయి. 1941లో బాంబులు పడి కాలిన చర్చి అది. ఆ దెబ్బలు బొమ్మల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. మా అబ్బాయి ఒక బొమ్మ దగ్గర ఆగి "అమ్మా, ఈయనే విలియం మార్షల్" అన్నాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఇంగ్లండ్ వీరుడు, పెద్ద ప్రభువు. ఆ దగ్గర్లోనే కొడుకులవని చెప్పే బొమ్మలు ఇంకో రెండు. "మరి ఈయన భార్య ఏది నాయనా?" అని అడిగాను. వాడికి తెలియలేదు. నాకూ తెలియలేదు.

తిరుపతికి తిరిగొచ్చాక వెతికితే దొరికింది. ఆమె పేరు ఇసబెల్ డి క్లేర్. భర్త పోయిన మరుసటి సంవత్సరం, 1220లో ఆమె కూడా పోయింది. ఆమెను పూడ్చింది వేల్స్‌లో టింటర్న్ అనే మఠంలో. ఆ మఠాన్ని 1131లో కట్టించింది ఆమె ముత్తాతకు తోడబుట్టినవాడు. అంటే భర్త లండన్‌లో, ఆమె పుట్టింటివాళ్ల మఠంలో. ముప్పై రెండేళ్లు డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్పాను. మార్షల్ పేరు చెప్పాను, రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా పత్రం గురించి చెప్పాను, ఇసబెల్ పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ బాధతోనే ఈ వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. ఇప్పుడు బైరాగిపట్టెడలో మా ఇంటికి పీజీ పిల్లలు వచ్చి, ఇలాంటివి ఎలా గీయాలని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు సామాన్లు. కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ, మొదటిసారి చేతితోనే చేయండి. నేను పాత పెళ్లికార్డులు వాడతాను. మా ఊళ్లో ప్రతి పెళ్లికార్డు మీదా స్వామి బొమ్మ ఉంటుంది, పారేయబుద్ధి కాదు. బొమ్మ ఉన్న భాగం కత్తిరించి వేరుగా దాచిపెట్టి, ఖాళీగా ఉన్న వెనక అట్టను అరచేయంత ముక్కలుగా కోస్తాను. ఒక్కో మనిషికి ఒక్కో ముక్క. మగవాళ్ల పేరు నీలం ఇంకుతో, ఆడవాళ్ల పేరు ఎరుపుతో. గాంధీ రోడ్డులో పెద్ద డ్రాయింగు షీట్లు రెండు తెచ్చుకోండి కానీ, నెల రోజులపాటు వాటి జోలికి పోవద్దు. అంతవరకు కార్డులు నేల మీదే పరుచుకోవాలి, జరుపుకోవాలి.

కార్డు మీద ఏం రాయాలి? పేరు, తండ్రి, తల్లి, పెళ్లి లేదా పెళ్లిళ్లు, ఏ భూమి ఎవరి నుంచి వచ్చింది, చనిపోయిన సంవత్సరం. పుట్టిన సంవత్సరం దొరికితే రాయండి, దొరకకపోతే కంగారు పడొద్దు. ఆ కాలంలో బిడ్డ పుడితే ఎవరూ కాగితం రాయలేదు. జమీందారు చస్తే మాత్రం భూమి చేతులు మారుతుంది, రాజుకు రుసుము కట్టాలి, దానికి కాగితం పుడుతుంది. అందుకే మనిషిని గుర్తుపట్టడానికి చావు సంవత్సరమే ఆనవాలు. కార్డు వెనక, ఈ సంగతి ఎక్కడ చదివారో రాయండి. ఇది బద్ధకించారా, మూడు నెలల తర్వాత మీ రాత మీరే నమ్మలేరు.

చావు సంవత్సరం ఎందుకు అంత ముఖ్యమో క్లేర్ వంశం చూస్తే తెలుస్తుంది. 1066లో ఇంగ్లండ్‌ను జయించిన విలియం రాజుతో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన రిచర్డ్, గిల్బర్ట్ కొడుకు. ఆ రిచర్డ్ కొడుకు గిల్బర్ట్. వాడి కొడుకు రిచర్డ్. వాడి కొడుకు మళ్లీ గిల్బర్ట్. మన ఇళ్లల్లో తాత పేరు మనవడికి పెట్టినట్టే. వాళ్లకప్పుడు స్థిరమైన ఇంటిపేరు లేదు. 'ఫిట్జ్' అంటే కొడుకు అని అర్థం. రిచర్డ్ ఫిట్జ్ గిల్బర్ట్ అంటే గిల్బర్ట్ కొడుకు రిచర్డ్. అలాంటి రిచర్డ్‌లు ఇద్దరు ఉంటే ఏం చేస్తారు? నా కార్డుల మీద "గిల్బర్ట్ 1117", "రిచర్డ్ 1136", "గిల్బర్ట్ 1230", "గిల్బర్ట్ 1295", "గిల్బర్ట్ 1314" అని ఉంటుంది. అంతే, ఇక గొడవ లేదు.

తర్వాత తర్వాత ఇంటిపేర్లు కుదిరాయి. సఫోక్‌లో క్లేర్ అనే ఊరు వాళ్లది, కాబట్టి డి క్లేర్. మనకు ఊరిపేరు ఇంటిపేరైనట్టే. మార్షల్ అనేది ఊరు కాదు, పదవి. రాజుగారి గుర్రాల పని చూసే ఉద్యోగం. విలియం తాత గిల్బర్ట్, తండ్రి జాన్ ఇద్దరూ ఆ ఉద్యోగం చేశారు, అదే ఇంటిపేరైంది. మన దగ్గర కరణం అన్న ఉద్యోగం ఇంటిపేరు కాలేదా? పేర్లలో ఇంకో చిక్కు: మాడ్, మటిల్డా ఒకటే పేరు. ఈఫా అనే ఐరిష్ పేరును నార్మన్లు, అంటే ఆ నార్మండీవాళ్లు, ఈవా అని రాశారు. ఒకే మనిషికి రెండు కార్డులు పడకుండా చూసుకోండి.

నేను పడ్డ తప్పు చెబుతాను, మీరు పడకూడదు. నా నేల మీద ఒక ఇసబెల్ కార్డు ఉండేది. విలియం మార్షల్ భార్య, స్ట్రాంగ్‌బో అని పేరుపడ్డ రిచర్డ్ డి క్లేర్ కూతురు. ఆమెకు గిల్బర్ట్ డి క్లేర్‌తో కూడా పెళ్లయినట్టు చదివాను. స్కాట్లాండ్ బ్రూస్ కుటుంబంలోకి వెళ్లినట్టు కూడా చదివాను. రెండు వారాలు ఆ కార్డు చుట్టూ తిరిగాను. వయసులు కుదరవు, పిల్లలు కుదరరు. చివరికి తేలింది, వాళ్లు ముగ్గురు! తల్లి ఇసబెల్ డి క్లేర్. ఆమె కూతురు ఇసబెల్ మార్షల్, 1217లో గిల్బర్ట్ 1230ని చేసుకుని క్లేర్ ఇంటి కోడలైంది. ఆమె కూతురు మళ్లీ ఇసబెల్ డి క్లేర్, రాబర్ట్ బ్రూస్‌ని చేసుకుంది. అమ్మమ్మకు, మనవరాలికి ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, మధ్యలో వేరే ఇంటిపేరుతో అమ్మ. అందుకే ఆడవాళ్ల కార్డు మీద "పుట్టిల్లు" అని ఒక గీత, "మెట్టిల్లు" అని ఒక గీత ముందే గీసిపెట్టుకోండి. రెండూ నిండకుండా కార్డును వరసలో పెట్టొద్దు.

ఇక అసలు సంగతి. పేర్లు పట్టుకుని వెళ్లొద్దు, భూమిని పట్టుకుని వెళ్లండి. విలియం మార్షల్ తండ్రికి నాలుగో కొడుకు. సెంటు భూమి లేదు. గుర్రమెక్కి పోటీల్లో గెలిచి, రాజుల దగ్గర కొలువు చేసి, నలభై దాటాక 1189లో ఇసబెల్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె చిన్నపిల్ల. తండ్రి స్ట్రాంగ్‌బో 1176లోనే పోయాడు, తమ్ముడు మైనరుగానే పోయాడు, ఆస్తంతా ఈమెదే. వేల్స్ సరిహద్దులో చెప్‌స్టో కోట తండ్రివైపుది. ఐర్లండ్‌లో లెన్‌స్టర్ తల్లివైపుది, ఎందుకంటే తల్లి ఈఫా లెన్‌స్టర్ రాజు కూతురు. తాత గిల్బర్ట్ వేల్స్‌లో పెంబ్రోక్‌కు ఎర్ల్, అంటే అక్కడి ప్రభువు. ఆ హోదా 1199లో విలియమ్‌కు వచ్చింది. ఆ బొమ్మ కింద పడుకున్న ఘనమైన ఎర్ల్ ఎక్కడినుంచి వచ్చాడో మీ కార్డు చెప్పాలి: భార్య నుంచి వచ్చాడు. నా షీటులో విలియం పేరుకన్నా ఇసబెల్ పేరు పెద్దక్షరాల్లో రాసుకున్నాను. అది నా ఇష్టం. మీరు ఎలా రాసినా, భూమి గీత మాత్రం ఆమె మీదుగానే వెళ్లాలి.

భూమి మూడు దారుల్లో నడుస్తుంది, వీటికి మన మాటలే సరిపోతాయి. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు కూతురికిచ్చేది ఒకటి, మనం పసుపుకుంకుమ కింద ఇచ్చినట్టు. భర్త పోతే ఆయన భూమిలో మూడోవంతు విధవ బతికున్నంతకాలం అనుభవించేది రెండోది, ఇది మన మనోవర్తిలాంటిది. మూడోది వారసత్వం. కొడుకులుంటే పెద్దకొడుక్కి మొత్తం. కొడుకులు లేకపోతే మాత్రం పెద్దకూతురికి మొత్తం రాదు, కూతుళ్లందరికీ సమానంగా పంచాలి. ఈ నియమం గుర్తుంటే సగం వంశవృక్షం దానంతటదే గీసుకుంటుంది.

మనోవర్తి గీతను చుక్కలతో గీయండి. అది మరచిపోతే భూమి మాయమైనట్టు కనిపిస్తుంది. విలియం పెద్దకొడుకు, అతనూ విలియమే, రాజు మూడో హెన్రీ చెల్లెలు ఎలినార్‌ని చేసుకుని 1231లో పోయాడు. ఆమె 1238లో, తర్వాత రాజు మీదే తిరగబడ్డ సైమన్ డి మాంట్‌ఫర్ట్‌ని మళ్లీ పెళ్లాడింది. మొదటి భర్త ఇంటినుంచి రావలసిన మనోవర్తి కోసం ఆ దంపతులు ఏళ్లతరబడి తగవు నడిపారు. ఇంటి గొడవ దేశం గొడవ అయింది. చుక్కల గీత లేని వంశవృక్షంలో ఈ సంగతే కనబడదు.

తేదీల విషయం మనవాళ్లకు తొందరగా అర్థమవుతుంది. ఆ కాలం ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మనకు ఉగాదికి మారినట్టు. కాబట్టి పాత లెక్కలో 1246 ఫిబ్రవరి అని ఉంటే, మన లెక్కలో అది 1247 ఫిబ్రవరి. చాలా పత్రాల్లో ఆ సంఖ్య కూడా ఉండదు, రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు అని ఉంటుంది. మూడో హెన్రీ ఏలుబడి లెక్క 1216 అక్టోబరు 28 నుంచి. అంటే ఆయన ముప్పయ్యో ఏడు 1245 అక్టోబరు 28 నుంచి 1246 అక్టోబరు 27 వరకు. జాన్ రాజు లెక్క ఇంకా కష్టం. ఆయన పట్టాభిషేకం క్రైస్తవుల ఒక కదిలే పండుగ రోజున జరిగింది, ఆ పండుగతోపాటే ఏటా సంవత్సరం మొదలూ కదులుతుంది. పత్రంలో ఉన్నది ఉన్నట్టు కార్డు మీద రాసి, మీ లెక్క పక్కన పెన్సిల్‌తో వేయండి. శాసనాల్లో శక సంవత్సరాన్ని, తిథిని ఉన్నదున్నట్టు దించుకుని ఆ తర్వాతే లెక్కకట్టినట్టు.

పెళ్లిళ్ల దగ్గర మన అలవాటును పక్కన పెట్టండి. మనకు మేనరికం ముచ్చట. వాళ్ల చర్చికి అది పాపం. ఏడు తరాలలోపు చుట్టరికం ఉంటే పెళ్లి చెల్లదన్నారు. 1215లో రోమ్‌లో జరిగిన పెద్ద సభ దాన్ని నాలుగు తరాలకు తగ్గించింది. అందుకని మీ షీటులో దగ్గరి చుట్టాల పెళ్లి పడితే ఆగి చూడండి. మీ గీత తప్పయినా అయివుండాలి, లేదా పోప్ దగ్గర ప్రత్యేక అనుమతి అయినా తెచ్చుకుని ఉండాలి.

ఆధారాలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. 1086లో రాజు చేయించిన భూముల సర్వే, డూమ్స్‌డే లెక్క, ఊరి పేరు కొడితే ఇంటర్నెట్‌లో ఉచితంగా వస్తుంది. మూడో హెన్రీకి కట్టిన రుసుముల లెక్కలు రాసిన తోలు పత్రాల చుట్టలు కూడా అంతే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి చావు తర్వాత చేసే విచారణ పత్రాలు. జమీందారు చనిపోగానే రాజుగారి అధికారి వచ్చి, ఊళ్లో వాళ్లను కూర్చోబెట్టి ప్రమాణం చేయిస్తాడు. చచ్చినవాడికి ఏ భూమి ఉంది, ఎవరి కింద ఉంది, దగ్గరి వారసుడు ఎవరు, వయసెంత? మన తహసీల్దారు ఆఫీసు వారసత్వ విచారణ, అడంగల్ కలిపి ఒకే కాగితంలో పెట్టినట్టు ఉంటుంది. వారసుల పేర్ల విషయంలో వీటిని నమ్మొచ్చు. వయసు విషయంలో మాత్రం నమ్మొద్దు. "ఇరవై ఒకటి, ఆపైన" అంటారు, ఒకే వారసుడికి ఒక జిల్లాలో ఒక వయసు, ఇంకో జిల్లాలో ఇంకో వయసు చెబుతారు.

కథలకు వేరే పెట్టె పెట్టండి. మార్షల్ చనిపోయాక పెద్దకొడుకు పూనికతో 19,214 పాదాల ఫ్రెంచి కావ్యం రాయించారు. తండ్రి మీద ప్రేమతో రాయించింది, అందుకని దానిలో వెలుగు ఎక్కువ. మార్షల్ చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు అతన్ని రాజు స్టీఫెన్ బందీగా పట్టుకుని ఉరి తీస్తానంటే, తండ్రి జాన్ "ఇంతకన్నా మంచి కొడుకుల్ని చేసుకునే సుత్తి, దాగలి నా దగ్గర ఉన్నాయి" అన్నాడని అందులో ఉంది. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇంకొకటి మాథ్యూ పారిస్ అనే సన్యాసి రాసింది. ఐర్లండ్‌లో ఫెర్న్స్ బిషప్ తన భూములు మార్షల్ లాక్కున్నాడని, నీ కొడుకులెవరికీ సంతానం కలగదని శపించాడట. కొడుకులందరూ అలాగే పోయాక రాసిన కథ అది. కార్డు మీద "శాపం" అని రాయకండి, "శాపం అని చెప్పుకున్నారు" అని రాయండి.

కొడుకులు ఐదుగురు. విలియం 1231, రిచర్డ్ 1234, గిల్బర్ట్ 1241లో గుర్రపు పోటీలో, వాల్టర్ 1245 నవంబరులో, ఆన్సెల్మ్ నెల తిరక్కుండా డిసెంబరులో. ఒకరి తర్వాత ఒకరు ఎర్ల్ అయ్యారు, ఒక్కరికీ వారసుడు లేడు. నేను మొదట వాళ్లను వరసగా పైన పెట్టాను. మా చెల్లెలి మనవరాలు, తొమ్మిదో తరగతి పిల్ల, పక్కనే కూర్చుని చూస్తోంది. "అవ్వా, వీళ్ల కింద ఏమీ లేదు కదా, జాగా అంతా వీళ్లకే ఇచ్చేశావే" అంది. నిజమే! ఐదుగురినీ ఎడమవైపు ఒక మూలకు జరిపాను, షీటు మధ్యభాగం మొత్తం కూతుళ్లకు ఇచ్చాను. పుట్టిన వరస చెడకుండా కార్డు మూల చిన్న అంకె వేశాను. అప్పటినుంచి ఏ వంశం గీసినా ముందు ఎవరి కింద ఎన్ని కార్డులు ఉన్నాయో లెక్కపెట్టి, ఆ తర్వాతే చోటు ఇస్తున్నాను.

ఆ రాత్రి మా పుట్టింటి గోడ మీద ఉండే పటం గుర్తుకొచ్చింది. మా తాత రాయించింది, ఏడు తరాలు, ఒక్క ఆడపేరు లేదు. మా అమ్మ లేదు, నేను లేను. చిన్నప్పుడు అందులో నా పేరు కోసం ఎన్నిసార్లు వెతుక్కున్నానో.

కూతుళ్లు కూడా ఐదుగురే. మాడ్, ఇసబెల్, సిబిల్, ఈవా, జోన్. 1247లో ఆస్తి పంచేనాటికి బతికున్నది పెద్దావిడ మాడ్ ఒక్కతే. మిగతా నలుగురి భాగాలు వాళ్ల బిడ్డలకు వెళ్లాయి. ఇక్కడ నిదానంగా చేయండి, వంశవృక్షంలో ప్రాణం ఉన్నది ఇక్కడే. లెన్‌స్టర్ ఐదు ముక్కలైంది. కార్లో మాడ్‌కు, కిల్కెన్నీ ఇసబెల్ కొడుకుకు, కిల్డేర్ సిబిల్ కూతుళ్లకు, వెక్స్‌ఫర్డ్ జోన్ సంతానానికి, డనమేస్ ఈవా కూతుళ్లకు. మార్షల్ పదవి మాడ్ ద్వారా ఆమె మెట్టిల్లు బిగాడ్ కుటుంబానికి వెళ్లింది. పెంబ్రోక్ మాత్రం జోన్ కూతురి భర్త విలియం డి వాలెన్స్ చేతికి వచ్చింది. పదవి ఒక ఇంటికి, ఆ పెంబ్రోక్ గడ్డ ఇంకో ఇంటికి. ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెతికితే రెండూ పోతాయి.

సిబిల్‌కు మెట్టిల్లు ఫెరర్స్ ఇంట్లో ఏడుగురు కూతుళ్లు. ఆగ్నెస్, ఇసబెల్, మాడ్, సిబిల్, జోన్, అగాథా, ఎలినార్. ఐదోవంతులో ఏడోవంతు, అంటే మొత్తం ఆస్తిలో ఒక్కొక్కరికి ముప్పై అయిదో వంతు. ఏదైనా పత్రంలో మార్షల్ భూమి ముప్పై అయిదో భాగం కనిపిస్తే, ఇక అనుమానం అక్కర్లేదు, అది సిబిల్ కూతురో, ఆ కూతురి బిడ్డో. భిన్నాన్ని కార్డు మూలన రాయండి. మనుషుల్ని పట్టిచ్చే గుర్తు అది.

చుట్టరికాలు గీతల మీద తెలుగులోనే రాయండి. ఇంగ్లీషులో కజిన్ అన్న ఒక్క మాట కింద అందరూ కలిసిపోతారు, బ్రదర్ ఇన్ లా కింద బావ, మరిది, తోడల్లుడు అందరూ ఒకటే. మన మాటలు పెడితే గీత దానంతటదే మాట్లాడుతుంది. 1314లో బానక్‌బర్న్ యుద్ధం తీసుకోండి. స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ గెలిచాడు, ఇంగ్లండ్ వైపు గిల్బర్ట్ డి క్లేర్ ఇరవై మూడేళ్లకే చచ్చిపోయాడు. మగవాళ్ల వరస మాత్రమే గీస్తే వీళ్లిద్దరూ పరాయివాళ్లు. కూతుళ్లను కలపండి. రాజు రాబర్ట్ నాయనమ్మ, గిల్బర్ట్ తాత సొంత తోబుట్టువులు, ఇద్దరూ ఇసబెల్ మార్షల్ బిడ్డలే. పైగా ఇద్దరి భార్యలూ ఐర్లండ్‌లోని అల్‌స్టర్ ఎర్ల్ రిచర్డ్ డి బర్గ్ కూతుళ్లు. అంటే యుద్ధంలో ఎదురెదురుగా నిలబడ్డది తోడల్లుళ్లు. ఇంకా ఉంది. గిల్బర్ట్ చెల్లెలు ఎలిజబెత్‌ని అదే రిచర్డ్ కొడుకు జాన్ చేసుకున్నాడు, కుండమార్పిడి పెళ్లిళ్లు. ఈ మాట గీత మీద రాసిన రోజు మా పిల్లలు నలుగురూ షీటు మీదకు వంగి, వేలు పెట్టి మళ్లీ మళ్లీ చూసుకున్నారు.

గిల్బర్ట్‌కు బిడ్డలు లేరు. భార్య గర్భవతినని చెప్పడంతో పంపకం ఆగి, 1317లో జరిగింది. మళ్లీ ముగ్గురు తోబుట్టువులకు మూడు సమాన భాగాలు. ఎలినార్, మార్గరెట్, ఎలిజబెత్. కేంబ్రిడ్జ్‌లో క్లేర్ కాలేజీకి ఆ పేరు వచ్చింది ఈ ఎలిజబెత్ ఇచ్చిన ధనం వల్లే. ఈ ముగ్గురికీ కలిపి ఏడుగురు భర్తలు. ఎలినార్‌కు ఇద్దరు, మార్గరెట్‌కు ఇద్దరు, ఎలిజబెత్‌కు ముగ్గురు. రెండో డ్రాయింగు షీటు తెమ్మన్నది ఇందుకే. మొదటిదాని అడుగున గిల్బర్ట్ 1314 దగ్గర ఆపి, రెండో షీటు పైన ముగ్గురి ఎర్ర కార్డులు ఎడంగా అంటించండి, ఒక్కొక్కరి పక్కన మూడేసి వేళ్ల జాగా వదలండి. ఇంకు అప్పుడే వద్దు. కార్డుల వెనక రాసుకున్న ఆధారం ఇంకోసారి సరిచూసుకుని, సరిపోయిన గీత మీదే పెన్ను పెట్టండి.